గాలి సోకని గది

క్రీస్తుకు పూర్వం 98. హాన్ సామ్రాజ్య రాజధాని ఛాంగాన్.

ఆ గదిని నేనిట్లా చూస్తాను. కిటికీ లేదు. ఉన్నా మూసేసి ఉంది. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. మూల కుంపటి ఆరిపోకుండా ఎవరో వచ్చి బొగ్గు వేసి పోతున్నారు. నేలమీద పరుపులో ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. కదిలితే నొప్పి. కదలకపోతే తలపులు. ఆ రెండిట్లో ఆయనకు ఏది ఎక్కువ బాధ పెట్టిందో తర్వాత ఆయన రాసిన ఉత్తరమే చెబుతుంది. తలుచుకున్నప్పుడల్లా వీపు మీద చెమట పోసి బట్ట తడుస్తుందని అందులో రాసుకున్నాడు.

ఆయన పేరు సిమా ఛియెన్. వూ చక్రవర్తి కొలువులో నక్షత్రాల లెక్కలూ రాజ్యపు దస్తావేజులూ చూసే అధికారి. అంతకు ముందు సంవత్సరం లి లింగ్ అనే సేనాని ఐదువేల కాల్బలంతో ఉత్తరాదికి పోయి, అంతకు ఎన్నో రెట్లున్న షియుంగ్ను తెగ గుర్రపు దండుతో పోరాడి పోరాడి, చివరికి లొంగిపోయాడు. నిన్నటిదాకా లి లింగ్‌ను పొగిడిన కొలువు తెల్లారేసరికి తిట్ల దండకం అందుకుంది. నువ్వేమంటావని చక్రవర్తి అడిగితే సిమా ఛియెన్ ఒక్కడే అతని తరఫున నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఆ మాటలకే చెర. డబ్బు కట్టి బయటపడే దారి ఉన్నా ఇంట్లో అంత డబ్బు లేదు. స్నేహితులెవరూ నోరు మెదపలేదు. అట్లాంటి చోట పరువుగల మనిషి ప్రాణం తీసుకోవాలని ఆ కాలం అనుకునేది. ఆయన తీసుకోలేదు. పుంసత్వం కోసేసే శిక్షకు ఒప్పుకున్నాడు.

కారణం ఒక్కటే. పన్నెండేళ్ల కిందట, 110లో, చావుబతుకుల్లో ఉన్న తండ్రి సిమా తాన్ కొడుకు చెయ్యి పట్టుకుని ఏడుస్తూ అడిగాడు, నేను మొదలుపెట్టిన చరిత్ర నువ్వు పూర్తి చెయ్యమని. అది ఇంకా సగంలో ఉంది.

కోత పడిన మనిషికి గాలి సోకితే ప్రాణం దక్కదని ఆ కాలపు నమ్మకం. అందుకే వెచ్చగా, గాలి చొరకుండా బిగించిన గదిలో పెట్టేవాళ్లు. ఆ గదికి చీనా భాషలో రెండక్షరాల పేరుంది. మొదటి అక్షరం పట్టుపురుగు. రెండోది గది.

పట్టుపురుగుల గది.

ఈ మాట నేను మొదటిసారి చదివింది బెంగళూరులో, పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు జపాను భాష నేర్చుకుంటున్న రోజుల్లో. ఆ పూట పుస్తకం మూసేశాను. సిమా ఛియెన్ మీద జాలి తర్వాత కలిగింది. ముందు వినబడింది మా అమ్మ గొంతు.

"తలుపెయ్ నాయినా, పురుగుకి గాలి తగల్తాది."

మాది పలమనేరు దగ్గర పల్లె. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు తెలుసు, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి ఒంటికి తగిలే గాలి మారిపోతుంది. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తు మాది. కిందంతా మే నెలలో మాడిపోతున్నా ఇక్కడ రాత్రికి దుప్పటి వెతుక్కుంటాం. ఆ చల్లదనమే మాకు పట్టు తెచ్చింది. పలమనేరు, వి.కోట, బైరెడ్డిపల్లె, కుప్పం వైపు బోరు కింద అరెకరం తడి ఉంటే చాలు, మల్బరీ పెట్టి, పక్కన ఒక షెడ్డు కట్టి పురుగు మేపుకునే ఇళ్లు ఎన్నో. నూరు తల్లి పురుగులు పెట్టిన గుడ్ల పంట అంటే నలభై యాభై వేల పురుగులు. చాకీ అనే తొలి దశలో అయితే కంటికి ఆనవు, ఆవాలకు జీవం పోసినట్టుంటాయి. దాదాపు నాలుగు వారాల్లో ఒక్కొక్కటీ చిటికెన వేలంత అవుతుంది.

షెడ్డులోకి పోవాలంటే చెప్పులు బయట వదలాలి. గడప దగ్గర సున్నం, బ్లీచింగ్ తొక్కి పోవాలి. ఊదుబత్తి వాసన పనికిరాదు, తాళింపు ఘాటు పనికిరాదు, పొగాకు నమిలిన చెయ్యి అసలే పనికిరాదు. గోనెపట్టాలు తడిపి కట్టడమో తీయడమో చేస్తూ, కుంపటి పెట్టడమో ఆర్పడమో చేస్తూ అమ్మ ఆ గదిలో వేడినీ తేమనీ ఒంటితోనే కొలిచేది. గోడకు వేలాడే ఉష్ణమాపిని సెరికల్చర్ సార్ వచ్చినప్పుడు చూపించడానికి తప్ప వాడినట్టు నాకు గుర్తులేదు. ఛాంగాన్‌లో ఆ శిక్షగదికి ఆ పేరు పెట్టినవాడు ఎవరో గానీ వాడికి పట్టుపురుగుల గది ఒంటితో తెలుసు. తెలియనివాడికి ఆ పోలిక తట్టదు.

ఆ మొదటి అక్షరం వెంట పడ్డాను. ఇప్పటికీ వదల్లేదు.

దాని పాత రూపం రాయడానికి ఇరవైనాలుగు గీతలు కావాలి. కింద రెండు పురుగులు పక్కపక్కన పడుకుని ఉంటాయి. వాటి మీద ఒక పెద్ద మూట. ఆ పై మూటకు పురుగుతో ఏ సంబంధమూ లేదు. ఎట్లా పలకాలో చెప్పడానికి మాత్రమే వచ్చి కూర్చుంది. చీనా అక్షరాల్లో చాలా భాగం ఇట్లానే పుట్టాయి, అర్థానికి ఒక ముక్క, పలుకుకు ఒక ముక్క. క్రీస్తుశకం 100లో షూ షెన్ అనే పండితుడు తొమ్మిదివేల మూడువందల పైచిలుకు అక్షరాలకు వ్యుత్పత్తి చెబుతూ నిఘంటువు కట్టినప్పుడు ఈ అక్షరానికి ఇచ్చిన అర్థం చాలా చిన్నది. దారాన్ని మోసేది అన్నాడు. కుబుసం విడిచే నాలుగు జ్వరాలు దాటి, మేత మాని, ఒళ్లంతా గాజులా మెరిసే పురుగును మా ఊళ్లో 'పండింది' అంటాం. అప్పుడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే షూ షెన్ ఏం చూసి ఆ మాట అన్నాడో తెలుస్తుంది. మాంసం కనబడదు. దారమే కనబడుతుంది.

చేత్తో గబగబా రాసుకునేవాళ్లు ఇరవైనాలుగు గీతలు ఎప్పుడూ రాస్తూ కూర్చోలేరు. వాళ్లకు ఒక పొట్టి రూపం ఉండేది. పైన ఆకాశం, కింద పురుగు, మొత్తం పది గీతలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను, 1950లలో చీనా ఈ పొట్టిరూపాన్నే బడిలోకి తెచ్చాయి. తైవాన్, హాంకాంగ్ పాతదాన్ని వదల్లేదు. ఆ పది గీతల అక్షరం పూర్వం వేరే మాటకు, ఒక రకం వానపాముకు, రాసేవాళ్లని పండితులు గుర్తుచేస్తారు. అది నిజమే. అయినా పురుగు మేపిన జపాను పల్లెల్లో మాత్రం ఆ అక్షరాన్ని దేవలోకపు పురుగు అనే చదువుకున్నారు. నేను పండితుల మాట నమ్ముతాను, పల్లెవాళ్ల చదువును ప్రేమిస్తాను.

పలుకు సంగతి మరీ అందం. బీజింగ్‌లో 'త్సాన్' అంటారు, జపాన్‌లో 'సాన్' అంటారు. క్యాంటన్ వైపు 'ఛామ్', కొరియాలో 'జమ్', వియత్నాంలో 'తమ్'. వెయ్యిన్నర ఏళ్ల కిందటి పలుకులో చివర మకారం ఉండేది. బీజింగూ జపానూ దాన్ని నకారం చేసుకున్నాయి, మిగిలిన అంచుల్లో ఉన్నవాళ్లు దాచుకున్నారు. హొసూరు, కృష్ణగిరి పక్కన తమిళం నడుమ బతికే మన తెలుగువాళ్ల నోట మనం మరిచిన మాటలు నిలిచి ఉన్నట్టే ఇదీను.

ఇక అర్థాలు. పట్టుపురుగు ఆకు తినడం ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? నడిమిట్లో కొరకదు. అంచున మొదలుపెడుతుంది. తల పైకెత్తి, ఒక వంపులో కిందిదాకా గీకుతూ వచ్చి, మళ్లీ పైకి పోతుంది. ఒక్కొక్క గీకులో పోయేది ఇంతే. తల తిప్పి చూసేసరికి ఆకు ఉండదు, ఈనె మిగులుతుంది. దీన్నుంచి చీనావాళ్లు ఒక మాట చేశారు. పురుగు అక్షరం పక్కన తినడం అనే అక్షరం. పరాయి నేలను కొద్దికొద్దిగా కలుపుకోవడం అని అర్థం. బీజింగ్‌లో 'త్సాన్‌షి', టోక్యోలో 'సాన్‌షొకు', సియోల్‌లో 'జమ్‌షిక్'. ఈ రోజుకూ అక్కడి పేపర్లలో ఒక కంపెనీ ఇంకో కంపెనీ బేరాన్ని లాక్కుంటుంటే ఇదే మాట.

మన దగ్గర పక్క చేనివాడు ఏటా దున్నేటప్పుడు గట్టును ఒక్క సాలు లోపలికి జరుపుతాడు. పదేళ్లకు గానీ తెలియదు. ఆ పనికి మన దగ్గర తిట్లున్నాయి, పంచాయతీలున్నాయి, సర్వేయరు గొలుసు ఉంది. ఇంత పోలిక ఉన్న మాట మాత్రం నాకు దొరకలేదు. పురుగు మేపే ఊరివాణ్ని కాబట్టి ఈ మాట మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది. గట్టు జరిపినవాడు ఎవరికీ దారం ఇవ్వడు.

చిన్‌ రాజ్యం చుట్టుపక్కల రాజ్యాలను ఒక్కొక్కటిగా మింగిన తీరు చెప్పేటప్పుడు ఈ మాట కనబడే పుస్తకం ఏదనుకున్నారు? సిమా ఛియెన్ పూర్తి చేసిన 'షి జి'. నూట ముప్ఫై అధ్యాయాలు, 5,26,500 అక్షరాలు. ఆ గదిలోంచి బయటికొచ్చిన మనిషే రాశాడు. వెదురు బద్దల మీద కుంచెతో ఆ అక్షరాన్ని దించుతున్నప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగిందా? రెన్ ఆన్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ గది పేరును ఆయన దాచుకోలేదు. నన్ను పట్టుపురుగుల గదిలోకి తోశారని సూటిగానే రాశాడు.

అవే రెండక్షరాలు కొరియాలో, సియోల్ నగరంలో ఒక పేట పేరు. 'జమ్‌షిల్' అంటే పట్టుపురుగుల గది. చోసన్ రాజుల కాలంలో హాన్ నది పక్కన అక్కడ ప్రభుత్వమే మల్బరీ పెట్టించి పురుగు మేపించేది. రాణి స్వయంగా ఆకు కోసి పురుగుకు వేసే పూజ కూడా ఆ కాలంలో ఉండేది. 1970ల దాకా అదొక లంక. తర్వాత నది పాయను పూడ్చారు, ఇళ్లు లేచాయి. 1988 ఒలింపిక్స్‌లో మన పి.టి. ఉష హర్డిల్స్ పరుగెత్తిన మైదానం అక్కడిదే. ఆ ఏడాది ఊరంతా ఒక టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. తాము చూస్తున్న చోటు పేరు తమ షెడ్డు పేరేనని ఎవరికి తెలుసు? ఇప్పుడక్కడ 123 అంతస్తుల భవనం నిలబడి ఉంది. గుర్తుపట్టలేనంతగా మారిన చోటును కొరియావాళ్లు 'మల్బరీ తోట నీలి సముద్రమైంది' అంటారు. ఈ సామెత కూడా చీనా నుంచి వచ్చిందే. జమ్‌షిల్ విషయంలో మాత్రం మల్బరీ తోట నిజంగానే ఉండేది.

వియత్నాంలో రంగస్థలం మీద బతికే కళాకారులు తమ జన్మను పట్టుపురుగు జన్మ అని చెప్పుకుంటారు. తిన్న ఆకు రుణం దారం కక్కి తీర్చుకోవాలట. సురభి నాటకాలవాళ్లు వింటే తమ మాటే అనుకుంటారు.

జపాన్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగక తప్పదు.

అక్కడ చీనా పలుకు 'సాన్' ఉన్నా, జనం నోట ఆ పురుగు పేరు 'కైకో'. పూర్వం పురుగును 'కో' అనేవాళ్లు, సాకిన 'కో' కాబట్టి కైకో. నిజమైన మాట. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి ఈ పురుగు అడవిని మరిచిపోయింది. రెక్కలొచ్చి చిలుకగా మారాక కూడా ఎగరలేదు. ఆకు తెచ్చి పెట్టకపోతే వెతుక్కుని పోలేదు. గున్మా, నగానో పల్లెల్లో దీన్ని పేరు పెట్టి పిలవరు, 'ఓ కైకో సామా' అంటారు. మనం 'అమ్మవారు' అన్నట్టు. మేడమీది గదులు పురుగుకిచ్చి ఇంటివాళ్లు మిగిలిన చోట సర్దుకునేవాళ్లు. పురుగుల్ని లెక్కపెట్టేటప్పుడు చీమకూ ఈగకూ వాడే లెక్కమాట వాడరు, ఎద్దుకూ గుర్రానికీ వాడే మాట వాడతారు. 1871లో మెయిజీ చక్రవర్తి రాణి కోటలోనే పురుగు మేపడం మొదలుపెట్టింది. ఆ పని ఒక రాణి నుంచి ఇంకో రాణికి దిగుతూ ఈ రోజుకూ నడుస్తోంది.

వాళ్ల కథ ఒకటుంది. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హిందూదేశంలో ఒక రాజు. ఆయన కూతురు బంగారు వన్నె పిల్ల, పేరు కొన్‌జికి. తల్లి పోయింది. సవతి తల్లి ఆ పిల్లను సింహాలు తిరిగే కొండ మీద వదిలించింది. సింహం తన వీపు మీద మోసుకొచ్చి దిగబెట్టింది. రెండోసారి డేగల కొండకు పంపింది. అక్కణ్నుంచీ బతికి వచ్చింది. మూడోసారి నడిసముద్రంలో లంకకు. పడవవాళ్లు తెచ్చి ఒడ్డున చేర్చారు. నాలుగోసారి ఇంక ఎక్కడికీ పంపలేదు, రాజగృహం పెరట్లోనే గొయ్యి తీసి పూడ్చేసింది. చాలా రోజులకు ఆ మట్టిలోంచి వెలుగు వచ్చింది. తవ్వి చూస్తే పిల్ల ప్రాణాలతో ఉంది. ఇక ఈ దేశంలో నువ్వు బతకలేవు తల్లీ అని తండ్రి మల్బరీ చెక్కతో పడవ చేయించి, ఏడుస్తూ సముద్రంలోకి తోశాడు. ఆ పడవ జపాన్‌లో హితాచి తీరానికి కొట్టుకొచ్చింది. ఒక ముసలి దంపతులు పిల్లను చేరదీశారు. ఎన్నాళ్లో బతకలేదు. పెట్టెలో పెట్టారు. మూత తీస్తే పిల్ల లేదు, సన్నటి పురుగులున్నాయి. పడవ చెక్క గుర్తొచ్చి మల్బరీ ఆకు వేశారు. తిన్నాయి. కొన్నాళ్లకు అన్నీ ఒక్కసారిగా మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయాయి. పెంచినవాళ్లు భయపడ్డారు. ఆ రాత్రి పిల్ల కలలోకి వచ్చింది. భయపడకండి, నా దేశంలో నేను నాలుగుసార్లు పడిన కష్టం ఇట్లా నాలుగు నిద్రలుగా వస్తుంది అని చెప్పింది.

అందుకే పాత జపాన్‌లో పురుగు పడే నాలుగు నిద్రలకు నాలుగు పేర్లు. సింహం నిద్ర, డేగ నిద్ర, పడవ నిద్ర, పెరటి నిద్ర. త్సుకుబా దగ్గర ఆ పిల్లకు గుడి ఉంది.

చీనాలోనూ ఆ దశను నిద్ర అనే అంటారు. మనం నిద్ర అనం. జ్వరం అంటాం. మొదటి జ్వరం, రెండో జ్వరం. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి చూస్తే ఇంటిల్లిపాదీ తోటలోనే ఉండాలి, మొత్తం పంట తినే ఆకులో ఎనభై పాళ్లు ఆ చివరి వారంలోనే తింటుంది. బయటివాడికి నిద్రలా కనబడేది, దగ్గర కూర్చున్నవాడికి జ్వరంలా కనబడింది. ఆ పిల్ల కథ తెలిస్తే మా మాటే సరైందనిపిస్తుంది.

మన దగ్గర ఈ పురుగుకు ఒక అక్షరం లేదు. దారి పొడుగునా ఏరుకున్న మాటలున్నాయి. రేషం పారసీకం నుంచి వచ్చింది. పెళ్లిళ్లలో చీని చీనాంబరాలు అంటున్నప్పుడు ఆ 'చీనా' ఏ దేశమో గుర్తు చేసుకోం. పురుగు వచ్చిన దారికి మాత్రం కాగితం ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కిల్లేదారుకు ఒక ఉత్తరం రాశాడు. పట్టుపురుగుల కోసం బెంగాల్ పంపిన బుర్హానుద్దీన్, కస్తూరి రంగ సిద్ధవటం మీదుగా తిరిగి వస్తున్నారు, వాళ్లు రాగానే ఆ పురుగుల్ని ఎట్లాంటి చోట ఉంచాలో, ఎట్లా పెంచాలో అడిగి తెలుసుకుని ఏర్పాటు చెయ్యి, ఎన్ని తెచ్చారో నాకు తెలియజెయ్యి అని దాని సారాంశం. పెన్న ఒడ్డున సిద్ధవటం నుంచి మైసూరు సీమకు ఎక్కే ఆ ఇద్దరినీ నేను చాలాసార్లు ఊహించుకున్నాను. పగలు ఎండ, రాత్రి చలి, నెత్తిన గంపల్లో ప్రాణాలు. సుల్తానుకు ఫౌజులున్నాయి, ఫిరంగులున్నాయి. ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న మా అమ్మ అడిగేదే. పురుగుకు గది ఎట్లా ఉండాలి?

మైసూరు పురుగు లేతపచ్చ గూడు కడుతుంది. మా చిన్నప్పుడు పురుగు గూడు కట్టే చంద్రికల నిండా ఆ పచ్చ గూళ్లే. తర్వాత తెల్లగూళ్లు వచ్చాయి, జపాన్ దారిలో. ఆ దారి పాతదే. 19వ శతాబ్దం చివర్లో జంషెడ్జీ టాటా బెంగళూరులో పట్టుక్షేత్రం పెట్టి, ఒక జపాన్ దంపతులను రప్పించి, వాళ్ల పద్ధతి నేర్పించాడు. నూరేళ్ల తర్వాత, 1991 నుంచి 2007 దాకా మూడు విడతలుగా, జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ నిపుణులు మైసూరు కేంద్ర పట్టు పరిశోధనా సంస్థలో మనవాళ్లతో కలిసి పనిచేశారు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రైతుల షెడ్లకు ఆ పని చేరింది. జపాన్ జాతుల్లోంచి మన వేడికి తట్టుకునేట్టు తీసిన సి.ఎస్.ఆర్. రకాలు ఆ రోజుల్లో పుట్టినవే. ఒక్కొక్క తెల్లగూటిలో కిలోమీటరు దారం. అప్పటికే జపాన్ పల్లెల్లో మల్బరీ తోటలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మేడమీది గదులు ఖాళీ. ఓ కైకో సామా అని పిలిచే ముసలివాళ్లు మిగిలారు గానీ పిలిపించుకునే పురుగు దాదాపు లేదు.

మల్బరీ పడవలో సముద్రం మీదికి తోసేసిన పిల్ల తిరిగి వచ్చిందని నేను అనుకుంటాను.

పోయిన పంటకు నేను ఊళ్లో ఉన్నాను. ఆ రాత్రి నాలుగో జ్వరం. షెడ్డులో తట్టల మీద పురుగులన్నీ తల ఎత్తి, బిగుసుకుపోయి ఉన్నాయి. అమ్మ పడక ఆరడానికి సున్నం చల్లి, బస్తా మీద కూర్చుంది. నేను రెండు కథలూ చెప్పాను. సిమా ఛియెన్‌ది ముందు చెప్పాను.

"ఆ సామి బతికినాడా?" అంది.

"బతికినాడు మా. పుస్తకమంతా రాసినాడు."

"గది బాగా కట్టింటారు" అంది.

రెండో కథ విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. లేచి, లైటు తట్ట దగ్గరికి పట్టుకుని చూసింది.

"తోట్లో పూడ్సినంక ఎన్ని దినాలకి తీసినారన్నా ఆ బిడ్డని?"

"నూరు దినాలకంట."

"అన్ని దినాలే!" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈడ తెల్లారేసరికి లేస్తాది."

నేనక్కడే గోనెపట్టా మీద పడుకున్నాను. నాలుగు గంటలప్పుడు నా భుజం తట్టింది. తలుపు అప్పటికే ఒక్క రెక్క తీసి ఉంది. బయట మంచు.

"లేసినాయి నాయినా. ఆకు ఎత్తుకురా."